వరస తప్పని జవాబులు

మా పనిలో మూత దగ్గర కూర్చునేవాడికి చేతులతో పెద్దగా పని ఉండదు. నోటితోనూ చెవులతోనూ పని. నీళ్ల ట్యాంకు లోపలికి ఒక మనిషి దిగి గోడలకు పెయింట్ వేస్తుంటాడు. పైన గుండ్రటి మూత దగ్గర ఇంకొకడు కూర్చుని అయిదు నిమిషాలకోసారి అతన్ని పిలుస్తుంటాడు. లోపలివాడు పలకాలి. పలికాడంటే బతికే ఉన్నాడని లెక్క. పలికినప్పుడల్లా రిజిస్టర్‌లో ఒక టిక్కు పెట్టాలి. గొడుగు నీడలో కూర్చుని జీతం తీసుకుంటున్నానని మా రూమ్‌లో నన్ను చూసి కుళ్లుకున్నవాళ్లు కూడా ఉన్నారు. పన్నెండేళ్లలో మస్కట్ చుట్టుపక్కల ఎన్ని ట్యాంకుల మీద కూర్చున్నానో నాకే గుర్తు లేదు. అల్ మవాలేలో దుకాణాల వెనక ఉన్న ఇనప ట్యాంకు ఒక్కటే మరిచిపోలేకపోతున్నాను.

ఆ ట్యాంకు సంగతి చెప్పాలంటే ముందు హంగేరీ ఆయన గురించి చెప్పాలి.

పెయింట్ కొట్టే కొత్త మెషీన్‌తో పాటు ఆయన్నీ ఏడాది కోసం మా కంపెనీకి పంపించారు. యాభై దాటిన టెక్నీషియన్. ఆరడుగులకు పైన ఎత్తు, ఎండకు చెవులు ఎర్రగా కందిపోయేవి. ఉండేది అల్ ఖౌద్‌లో ఒక ఫ్లాట్‌లో. మధ్యాహ్నం తిండి మాత్రం సైట్‌లో మాతోనే. మా మామిడికాయ తొక్కు చేత్తో కలుపుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతున్నా వదలకుండా తినేవాడు. వాళ్ల ఊళ్లో కూడా ఎండు మిరపకాయలు దండలుగా గుచ్చి ఇంటి ముందు గోడకు వేలాడదీస్తారని ఫోన్‌లో ఫొటో చూపించాడు. ఆ ఫొటోతో మా బావకు ఆయన చుట్టమైపోయాడు.

బావ అంటే నా సొంత బావ కాదు. మాది జగిత్యాల వైపు, వాళ్లది మా ఊరికి రెండూళ్ల అవతల. ఇక్కడికొచ్చాక వరస కలుపుకున్నాం. ఘాలాలో మా రూమ్‌లో కింది మంచం నాది, పై మంచం అతనిది. ట్యాంకులోకి దిగేది ఎక్కువగా అతనే. సన్నగా ఉంటాడు, ఎంత చిన్న మూతలోంచైనా జారిపోతాడు, పైగా నోరు ఊరుకోదు. దిగే ముందు ప్రతిసారీ నా వైపు చూసి “పోయొస్త బావా” అనేవాడు. నేను “రా” అనేవాణ్ని. ఆ రెండు మాటలూ అనుకోకుండా అతను ఏ ట్యాంకులోనూ దిగలేదు.

హంగేరీ ఆయన దగ్గర నల్ల అట్ట నోట్‌బుక్ ఒకటి ఉండేది. ప్రతి పేజీలో మధ్యన నిలువు గీత. ఎడమ వైపు ఇంగ్లిష్, కుడి వైపు వాళ్ల భాష. ఆయన ఇంగ్లిష్ నేర్చుకున్నది పెద్దయ్యాకే. ఇంగ్లిష్‌లో క్రియలు తనకు కష్టం కాలేదట, వాటి వెనక తగిలించే చిన్న చిన్న తోకలే ప్రాణం తీశాయట. టర్న్ ఆన్, టర్న్ ఆఫ్, పిక్ అప్, పుట్ డౌన్, గివ్ అప్, గో అవే. ఒకే మాట, తోక మారితే దారే మారిపోతుంది. వాళ్ల భాషలో ఆ తోక మాట ముందు అతుక్కుంటుంది. ‘బె’ అంటే లోపలికి, ‘కి’ అంటే బయటికి, ‘ఫెల్’ అంటే పైకి, ‘లె’ అంటే కిందికి. టర్న్ ఆన్ అంటే బెకాప్చోల్, టర్న్ ఆఫ్ అంటే కికాప్చోల్. గివ్ అప్‌ను ముక్కలు చేస్తే పైకి ఇవ్వడం అని కదా వస్తుంది, వాళ్ల దగ్గరా అంతేనట, ఫెలాద్. అట్లా అని అన్నింటినీ ముక్కలు చేసి అతికించడానికి వీల్లేదు. లుక్ ఆఫ్టర్‌కు వాళ్ల మాటలో చూడటమూ లేదు, వెనకా లేదు. ఒకటే మాట, విద్యాజ్.

మీ దగ్గర ఎట్లా అని ఆయన నన్ను అడిగాడు. మా తోకలు వెనకే ఉంటాయని చెప్పి, తోచినవి చెప్పుకుంటూ పోయాను. నిద్రపోవడం, పడిపోవడం, మరిచిపోవడం, తప్పిపోవడం, చచ్చిపోవడం. ఆ చివరి ‘పో’ అంటే ఏమిటన్నాడు. వెళ్లడం అన్నాను. అయితే నిద్రపోయినవాడూ మరిచిపోయినవాడూ చచ్చిపోయినవాడూ అందరూ ఒక్క చోటికే వెళ్తారా అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేను నవ్వేశాను. నలభై ఏళ్లుగా ఆ మాటలు వాడుతున్నాను, ఎక్కడికి అని నాకెప్పుడూ అనిపించలేదు.

ఒక రోజు బావ లోపల ఉన్నాడు. మూత దగ్గర నేను ఎప్పటిలాగే “ఓకే?” అని అరిచాను. బావ “ఓకే” అన్నాడు. నిచ్చెన ఎక్కి వస్తున్న హంగేరీ ఆయనకు అది వినబడి ముఖం మాడిపోయింది. నన్ను పక్కకు పిలిచి వాళ్ల అన్న కథ చెప్పాడు. వాళ్ల ఇంటి వెనక గుట్టలోకి తవ్విన నేలమాళిగ ఉండేదట. అందులో ద్రాక్షరసం పీపాల్లో పులియబెడతారు. పులిసేటప్పుడు గాలి విషమవుతుంది. అన్న లోపలికి వెళ్లాడు, ఈయన తలుపు దగ్గర నిలబడి బాగున్నావా అని పిలుస్తున్నాడు. అన్న “యో” అంటున్నాడు. యో అంటే బాగున్నాను అని. చాలాసేపు యో, యో అని వినబడుతూనే ఉంది. దీపం పట్టుకుని దిగి చూస్తే అన్న నేల మీద బోర్లా పడి ఉన్నాడు. ఈయన భయంతో మళ్లీ పిలిచాడు. బోర్లా పడినవాడు “యో” అన్నాడు. అదే ఆఖరు మాట.

“అప్పటికే మా అన్న లేడు. పలికింది అలవాటు,” అన్నాడు ఆయన.

ఆ తరవాత ఆయన మాకొక పద్ధతి పెట్టాడు. అలవాటు జవాబు చెప్పగలిగే ప్రశ్న ట్యాంకులోకి వేయకూడదు. పైనవాడు నోట్‌బుక్‌లోంచి ఒక ఇంగ్లిష్ మాట అరవాలి, లోపలివాడు దాని హంగేరీ మాట వెతికి అరవాలి. గాలి తక్కువైన బుర్ర ముందు తడబడేది వెతకడంలోనేనట. తడబడితే వెంటనే “ద్యెరె కి” అని కేక వేయాలి. బయటికి రా అని అర్థం. దానికి జవాబు చెప్పక్కర్లేదు, చేతిలో పని పారేసి వచ్చేయాలి. ఇవన్నీ చెప్పి వేలు చూపిస్తూ ఇంకొక్క మాట చెప్పాడు. వరసలో అడగొద్దు.

ఆయన ఉన్నన్నాళ్లూ అలాగే జరిగింది. ఏ పేజీలోంచి ఏ మాట వస్తుందో తెలిసేది కాదు. బావ లోపల తిట్టుకుంటూ వెతుక్కునేవాడు. తప్పు చెబితే ఆయన నిజంగానే బయటికి లాగించి పావుగంట నీడలో కూర్చోబెట్టేవాడు. ఏడాది అయ్యాక ఆయన వెళ్లిపోయాడు. పోతూ పోతూ నోట్‌బుక్ నా చేతిలో పెట్టాడు. మూత దగ్గరి కుర్చీ పూర్తిగా నాదైంది.

ఆ తరవాత మేం చేసిన పని మాలాంటివాళ్లు తప్ప ఎవరూ చేయరు. వెతుక్కోవడం బావకు విసుగొచ్చింది. ఒక సాయంత్రం రూమ్‌లో పై మంచం మీద నుంచి కాళ్లు వేలాడదీసి అన్నాడు.

“బావా, గిదేమన్న పెద్ద సదువా? చిన్నప్పుడు ఎక్కాలు నేర్వలే? మొదటి సంది ఆఖరి దాంక వరుసగ నేర్చుకుంట. నువ్వు గట్లనే అడుగు.”

నాకది మంచి ఉపాయం అనిపించింది. నిజం చెప్పాలంటే నాకూ విసుగ్గానే ఉంది. మా బడిలో మమ్మల్ని అలాగే చదివించారు. బెత్తం చూస్తూ అరిచిన పన్నెండో ఎక్కం ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను, పన్నెండేళ్లు అంటే ఎన్ని నెలలో మాత్రం వేళ్లు పెట్టుకోవాలి. స్నానాలయ్యాక నేను చదవడం, బావ అనడం. టర్న్ ఆన్, బెకాప్చోల్. టర్న్ ఆఫ్, కికాప్చోల్. లుక్ ఆఫ్టర్, విద్యాజ్. పిక్ అప్, ఫెల్వెస్. పొద్దున కంపెనీ బస్సులో కిటికీ పక్క కూర్చుని కూడా అదే పాట. నెల తిరిగేసరికి పేజీ మొదలుపెడితే చాలు, చివరిదాకా దొర్లుకుంటూ పోయేది. అతను ఆ మాటలు విన్నది హంగేరీ ఆయన నోటి నుంచే కాబట్టి సాగదీత, గొంతు దించడం అన్నీ ఆయనవే వచ్చాయి. కళ్లు మూసుకుని వింటే పై మంచం మీద ఉన్నది ఎవరో తెలిసేది కాదు. రూమ్‌లోవాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. రిజిస్టర్‌లో ఒక్క తప్పు లేకపోవడం చూసి సూపర్‌వైజర్ మమ్మల్ని వేరే జట్ల ముందు మెచ్చుకున్నాడు.

ఆ రూమ్‌లోనే రోజూ ఏడింటికి ఇళ్లకు ఫోన్లు మొదలయ్యేవి. ఎనిమిది మంచాల మీద ఎనిమిది మంది, ఒకే మాటలు. తిన్నరా, పిల్లలు మంచిగున్నరా, వానలు పడ్డయా. నా భార్య బీడీలు చుడుతుంది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆకు కత్తిరిస్తూనే మాట్లాడేది. కత్తెర చప్పుడు నాకు వినబడుతుండేది. తిన్నవా అని ఆమె, తిన్న అని నేను. పానం మంచిగున్నదా, మంచిగున్నది. డ్యూటీ అయిందా, అయింది. తరవాత నా వంతు ప్రశ్నలు. అప్పుడు దీని గురించి నేనేమీ ఆలోచించలేదు.

అల్ మవాలే ట్యాంకు పని చలికాలం వెళ్లి ఎండ ముదరని రోజుల్లో వచ్చింది. పెద్ద ట్యాంకు, లోపల మధ్యన లావుపాటి స్తంభం. స్ప్రే పని అయిపోయింది, ఆ రోజు మూలలకు బ్రష్‌తో పూయడమే మిగిలింది. చప్పుడు లేని పని. కింద జనరేటర్, దానికి కాస్త దూరంలో గాలి మెషీన్, అక్కడి నుంచి లావుపాటి గుడ్డ గొట్టం పైకి వచ్చి మూతలోంచి లోపలికి దిగుతుంది. విషపు గాలి కొలిచే మీటర్ మా జట్టుకు ఒక్కటే ఉండేది. అది ఆ వారం వేరే సైట్‌కు వెళ్లింది. కింద పెయింట్ కలపడానికి కడప నుంచి వచ్చిన భాయ్ ఉన్నాడు. ఇంట్లో దక్ఖినీ మాట్లాడే మనిషి, నాతో సగం అదీ సగం తెలుగూ.

ఎనిమిదింటికి బావ బెల్టు కట్టుకున్నాడు. బెల్టు వెనక తాడు, ఆ తాడు పైన మూడు కాళ్ల స్టాండుకు ఉన్న చక్రానికి. “పోయొస్త బావా” అన్నాడు. “రా” అన్నాను. ముక్కుకు మాస్కు తగిలించుకుని నిచ్చెన దిగాడు.

పొద్దునంతా బాగానే ఉంది. పదింటికి బావ పైకి వచ్చి చాయ్ తాగి మళ్లీ దిగాడు. ఈ వైపు పొద్దున గాలి కొండల నుంచి సముద్రం దిక్కు పోతుంది. పదకొండు ప్రాంతంలో అది తిరిగి సముద్రం నుంచి కొండల వైపు వస్తుంది. చల్లగా ఉంటుంది కాబట్టి మేమంతా దానికోసం ఎదురుచూస్తాం. ఆ రోజూ గాలి తిరిగింది. చొక్కా మెడ దగ్గర చల్లగా తగిలింది. హాయిగా ఉందనుకున్నాను.

కాసేపటికి భాయ్ చాయ్ పట్టుకుని పైకి వచ్చాడు. గ్లాసు నా చేతికిచ్చి మూత వైపు చూశాడు.

“అందర్ దో జనే హై క్యా, భాయ్?”

లోపల ఇద్దరున్నారా అని. పెయింట్ కలిపి ట్యాంకు గోడకు వీపు ఆనించి కూర్చుంటే లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు వినబడిందట. ఒకరి గొంతు పెద్దదిగా, బరువుగా ఉందట.

“ఒక్కడే. ఆ ఒక్కడే ఇద్దరి మందం మాట్లాడుతడు,” అన్నాను నేను. ఇద్దరం నవ్వుకున్నాం. అతను దిగిపోయాడు.

చాయ్ తాగి పిలిచాను. “పిక్ అప్.”

“ఫెల్వెస్.”

టిక్కు. అయిదు నిమిషాలు. “పుట్ డౌన్.”

“లెతెస్.”

టిక్కు. జవాబులు మునుపటికంటే బాగా వస్తున్నాయి. తొందర లేదు, ఆయాసం లేదు. సరిగ్గా ఆ పెద్దమనిషి పలికినట్టే. బావ ఈ రోజు మంచి ఊపులో ఉన్నాడనుకున్నాను. అప్పుడు నాకు కలిగింది సంతోషమే. ఇది చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

గాలికి నోట్‌బుక్‌లో పేజీ తిరిగిపోయింది. నేను గమనించలేదు. కళ్లకు ఏది కనబడితే అది చదివే స్థితికి వచ్చాను కాబట్టి టైమ్ కాగానే కనబడింది చదివాను.

“వేక్ అప్.”

“లెయూల్,” అని వచ్చింది లోపలి నుంచి.

పెన్ను టిక్కు పెట్టబోయి ఆగింది. లెయూల్ అంటే సిట్ డౌన్. నేనడిగింది లేవడం, వచ్చింది కూర్చోవడం. ముందు కోపం వచ్చింది. వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను. “బావా, పరాష్కాలా? సరిగ్గ చెప్పు. వేక్ అప్!” అని గట్టిగా అరిచాను.

“ఫెలాద్.”

తిరిగిన పేజీని వెనక్కు తిప్పి చూశాను. పుట్ డౌన్ తరవాత సిట్ డౌన్. సిట్ డౌన్ తరవాత గివ్ అప్. జవాబులు నా మాటలకు రావడం లేదు. పేజీకి వస్తున్నాయి.

నేను నోరు మూసుకున్నాను. మూత మీదికి వంగి చూస్తే లోపల దీపం వెలుగుతోంది, పెయింట్ డబ్బా కనబడుతోంది, బావ కనబడలేదు. తాడు స్తంభం చుట్టూ తిరిగి వెనక్కి పోయింది. కింద జనరేటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను ఏమీ అడగలేదు. అయినా స్తంభం వెనక నుంచి నెమ్మదిగా, ఓపిగ్గా మాట వచ్చింది.

“ఎల్‌మెద్య్.”

గో అవే. కాస్త ఆగి ఇంకొకటి.

“విస్సాయొన్.”

కమ్ బ్యాక్. మధ్యాహ్నపు ఎండలో, చుట్టూ దుకాణాలూ కార్లూ జనమూ ఉన్న చోట, నా జీవితంలో ఎప్పుడూ పడనంత భయం పడింది. “ద్యెరె కి!” అని అరిచాను. “ద్యెరె కి! బావా, బయటికి రా!” ఇనప గోడలు నా కేకనే నాకు తిప్పి కొట్టాయి. అది అణిగాక మళ్లీ తరవాతి మాట వచ్చింది. ఎవరో పక్కన కూర్చోబెట్టుకుని పాఠం అప్పజెప్పించుకుంటున్నట్టు ఒకదాని తరవాత ఒకటి, తొందర లేకుండా.

మూతలోకి తల పెట్టినప్పుడు డీజిల్ పొగ వాసన తగిలింది. అప్పటికి అర్థమైంది. పొద్దున కొండల గాలికి జనరేటర్ పొగ సముద్రం వైపు పోయింది. గాలి తిరిగాక అదే పొగ గాలి మెషీన్ మీదికి వచ్చింది. మెషీన్ దాన్ని పీల్చి గొట్టంలోంచి బావ దగ్గరికి పంపింది. ముక్కుకున్న మాస్కు పెయింట్ వాసనను ఆపుతుంది, ఆ పొగను ఆపదు. నేను చల్లగా ఉందని మెచ్చుకున్న గాలే అది.

భాయ్‌ని కేకేశాను. అతను జనరేటర్ ఆపి పరుగున పైకి వచ్చాడు. లోపలికి దిగితే మనమే రెండో శవం అవుతామని మాకు నేర్పింది కూడా ఆ పెద్దమనిషే, కాబట్టి ఇద్దరం చక్రం పట్టుకుని తిప్పాం. తాడు స్తంభానికి రాసుకుంటూ బిగిసింది. బరువు కదిలింది. జనరేటర్ ఆగింది కాబట్టి ఇప్పుడు ప్రతి చప్పుడూ తెలుస్తోంది. బూట్లు ఇనప నేల మీద ఈడ్చుకుంటూ మూత వైపు వస్తున్న చప్పుడు విన్నాను. మాట మాత్రం స్తంభం వెనక నుంచే వస్తోంది. భాయ్ నా ముఖం వైపు చూశాడు. నేను అతని ముఖం వైపు చూశాను. మళ్లీ చక్రం తిప్పాం.

ఖాళీ ఇనప ట్యాంకులో శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో చెప్పలేం. నేను పన్నెండేళ్లుగా విన్నవాణ్ని, నాకు తెలుసు. ఇప్పటికీ నాకు నేను అదే చెప్పుకుంటాను.

బావ తల మూతలోంచి బయటికి వచ్చింది. ముఖం ఎర్రగా, నిగనిగలాడుతూ, ఎప్పటికంటే ఆరోగ్యంగా ఉంది. ఆ పొగ ముఖానికి అలాంటి రంగే ఇస్తుందట. పళ్లు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. మాస్కు కిందికి జారింది. ఆ నోట్లోంచి మాట రావడానికి సందు లేదు. లోపల కూడా చప్పుడు ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఇద్దరిలో ఎవరం గమనించలేదు.

అంబులెన్స్ వచ్చింది. ఆసుపత్రిలో గాలి గొట్టాలు పెట్టారు. రెండు రోజులు నేను కారిడార్‌లో కూర్చున్నాను. పిలిస్తే పలకని మనిషి దగ్గర కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. బతుకుతాడో లేదో డాక్టర్లు చెప్పలేదు. నేను మొక్కని దేవుడు లేడు. నేను చంపేశాను అనుకున్నాను, పైకి అనలేదు. సూపర్‌వైజర్ వచ్చి రిజిస్టర్ తీసుకుపోయాడు. సాయంత్రం తిరిగొచ్చి నా భుజం మీద చేయి వేశాడు. టిక్కులన్నీ సరిగ్గా ఉన్నాయట, నా తప్పేమీ లేదట. ఆ మాటకు నాకు అతన్ని కొట్టాలనిపించింది.

మూడో రోజు బావ కళ్లు తెరిచాడు. గొంతు పీలగా ఉంది. నన్ను చూసి మొదట అడిగింది ఇది.

“నువ్వెందుకు పిలుచుడు ఆపినవ్, బావా?”

ఆపలేదన్నాను. అతను తల అడ్డంగా ఆడించాడు.

“ఆపినవ్. నాకు నిద్రొచ్చినట్టైంది, జెర స్తంభానికి ఒరిగిన. నువ్వు పిలుస్తవు గద, లేద్దామనుకున్న. నా పేరు ఒక్కసారి సుత పిలువకపోతివి. పక్కన ఎవరో కూసోని జవాబులు చెప్తున్నరు. నువ్వు ఆయన్నే అడుగుతున్నవ్, ఆయనకే టిక్కు వెడుతున్నవ్ అనుకున్న.”

ఎవరు అని అడిగాను. తెల్వది అన్నాడు. మళ్లీ అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. పొద్దున పైకి వచ్చి చాయ్ తాగిన దగ్గర నుంచి, ఇది తప్ప అతనికి ఏదీ గుర్తు లేదట. లెక్క వేసుకుంటే అది పదకొండింటికి ముందే. ఎన్ని టిక్కులు ఎవరికి పెట్టానో నాకు ఇప్పటికీ తెలియదు.

హంగేరీ ఆయన నంబర్ నా దగ్గర ఉంది. వచ్చీరాని ఇంగ్లిష్‌లో జరిగిందంతా రాసి పంపాను. మనిషి బతికాడు, మీ పద్ధతి వల్లే బతికాడు అని కూడా రాశాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. మర్నాడు ఒకే ఒక్క వాక్యం వచ్చింది. వరసలో అడిగావా అని.

రెండు రోజులకు అవునని రాశాను.

బావ కోలుకున్నాక కంపెనీ అతన్ని ఊరికి పంపించింది. ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నాడు. ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్లేటప్పుడు “పోయొస్త బావా” అన్నాడు. నేను అలవాటుగా రా అనబోయి ఆపుకున్నాను. ఇక రావొద్దు అన్నాను. ఇద్దరికీ ఏడుపొచ్చింది.

నేను మళ్లీ మూత దగ్గరే కూర్చుంటున్నాను. ఇప్పుడు మీటర్ మా దగ్గరే ఉంటుంది. జనరేటర్ ఎక్కడ పెట్టాలో రోజుకు మూడుసార్లు నేనే చూసుకుంటాను. నోట్‌బుక్‌లో పేజీలు చింపి, ముక్కలు చేసి డబ్బాలో వేసి, చేతికొచ్చింది తీసి అడుగుతున్నాను. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ. తిట్టు వచ్చినంతసేపూ లోపల మనిషి ఉన్నాడని నాకు ధైర్యం. నా భార్యకు ఇదంతా ఫోన్‌లో చెప్పాను, బావ అన్న మాటలతో సహా. ఆమె కత్తెర ఆపి విన్నది.

తరవాత చాలా వారాలకు, ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి మంచం మీద వాలి ఫోన్ చేశాను. కత్తెర చప్పుడు వినబడుతోంది.

“తిన్నవా?” అంది.

“తిన్న.”

“ఇయాల బిడ్డ బడిల సొమ్మసిల్లి పడ్డది.”

“మంచిగున్నది,” అన్నాను.

కత్తెర ఆగింది. పై మంచం ఇప్పుడు ఖాళీగా ఉంటుంది, దాని అడుగున చెక్క వైపు చూస్తూ పడుకుని ఉన్నాను. ఆమె ఏమందో నాకు ఎక్కలేదు. ఎందుకు ఆగిందో కూడా అప్పటికి తెలియలేదు.

“ఏమయ్యా, నేను జెప్పింది ఇన్నవా?”

“అయింది,” అంది నా నోరు.

ఆ మాట నా చెవికి తగిలింది. నా గొంతే, నింపాదిగా, తప్పు లేకుండా. లేచి కూర్చున్నాను. బిడ్డకేమైంది అని అరిచాను. పొద్దున తినకుండా బడికి పోయిందట, టీచర్లు పండ్లరసం తాగించారట, ఇప్పుడు బాగానే ఉందట, పక్కనే కూర్చుని రాసుకుంటోందట. నా భార్య ఇవన్నీ మెల్లగా చెప్పింది. కోపం లేదు. ఆమె గొంతులో ఉన్నది భయం. చెప్పడం అయిపోయాక అడిగింది.

“ఎన్నొద్దుల సంది గిట్ల పలుకుతున్నవ్?”

అది మా వరసలో లేని ప్రశ్న. నేను జవాబు కోసం వెతుక్కున్నాను. నెలలా, ఏళ్లా, బిడ్డ పుట్టినప్పటి నుంచా. ఏ మాటా అందలేదు. ఆమె ఫోన్ పెట్టేయలేదు. కత్తెర పక్కన పెట్టి, నేను పలికేదాకా ఆగింది.